ఊపిరాడని బండి

"పొద్దుగూకే యాళ్లకు బండి స్టేషన్ల ఉండాలె. లేకుంటే రాజేశం లాకప్‌ల ఉంటడు," అన్నాడు కానిస్టేబుల్ సామేలు, కోరుట్ల షెడ్డులో స్టూలు లాక్కుని కూర్చుంటూ.

మెకానిక్ చంద్రమౌళి తలెత్తలేదు. డ్రైవర్ రాజేశం కిరాయి కారు పోలీసులకు ఎందుకు కావాలో అతనికి తెలుసు. పోలీసులు రాయికల్ అవతలి అడవికి పోతారు. తమ జీపుల్ని నక్సలైట్ అన్నలు గుర్తుపడతారని, జనం బండ్లను డ్రైవర్లతో సహా పట్టుకుపోతున్నారు. ఆ దారిలో మందుపాతర పేలి చచ్చినవాళ్లలో డ్రైవర్లూ ఉన్నారు.

కారు నల్లటి పొగ కక్కుతోంది. పెట్రోలు తాగేస్తోంది. మీటరు పక్కన ఇంజను లైటు ఆరడం లేదు.

"సైలెన్సరు తీసేసి పెద్దది ఏపిచ్చిన. గప్పటిసంది గిట్లనే ఉన్నదన్నా," అన్నాడు పక్కనే నిలబడ్డ రాజేశం.

"దొంగేషాలు," అన్నాడు సామేలు. "పోలీసోళ్లు అడగంగనే అన్ని బండ్లకు రోగమస్తది."

చంద్రమౌళి సైలెన్సరు చివర గుడ్డ కుక్కి, వెల్డింగు మీద సబ్బునీళ్లు చల్లాడు. ఒక్క బుడగా రాలేదు. అతుకు గట్టిగానే ఉంది. బానెట్టెత్తి, పొగగొట్టానికి బిగించిన ఆక్సిజన్ సెన్సరు వైపు వంగాడు. దాని నిండా సిందూరం, నూనె.

"గిదేంది రాజేశం?"

"సైలెన్సరు మార్చినంక కొండగట్టుకు తోల్కపోయి పూజ చేపిచ్చిన. లోపల కనబడ్డదానికల్లా బొట్టు పెట్టిన."

"గిది లోపలి పొగను బయటి గాలితోని సరిపోల్చి, పెట్రోలు ఎంత పోయాల్నో చెప్తది. నువ్వు దాని ముక్కు మూసినవ్. స్వామి గిక్కడ గూడ పెట్టుమన్నడా?"

సామేలు నవ్వాడు. రాజేశం నవ్వలేదు. అతను చంద్రమౌళి చెవి దగ్గరికి వంగి, "బాగు కాలేదని చెప్పన్నా. పిల్లలుగల్లోన్ని," అని గొణిగాడు.

చంద్రమౌళి సెన్సరు విప్పి, శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి బిగించాడు. బ్యాటరీ వైరు తీసి మళ్లీ పెట్టి, స్టార్టు చేశాడు. కాసేపటికి పొగ పలచబడి ఆగిపోయింది. లైటు ఆరింది. రాజేశం మొహం పాలిపోయింది.

"అయ్యింది గదా. తాళం తే," అంటూ సామేలు లేచాడు.

చంద్రమౌళి ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "బండి బాగైంది. కాలేదని అబద్ధమాడ. తాళం మాత్రం ఇయ్య."

"ఏమన్నవ్?"

"ఇయ్యనన్న. చెడిపోయినదాన్ని బాగుచేసుడు నా పని. బతికున్నోన్ని సావుకు తోలుడు కాదు."

"సారుకు తెలిస్తే నీ షెడ్డుండది."

"ఉండకపోనీ. రోడ్డు మీద చేసుకుంట."

"అన్నల మనిషివని రాస్తరు."

"రాసుకోండ్రి. రేపు అన్నలచ్చి తాళమడిగినా గిదే మాట."

సామేలు లాఠీతో దగ్గరికొచ్చాడు. చంద్రమౌళి జేబు మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. సామేలు రోడ్డుకు రెండు వైపులా చూశాడు. లాఠీ చంకలో పెట్టుకుని, బానెట్టులోకి వంగి, సెన్సరు వైరు పట్టున తెంపాడు.

"సామాను హైదరాబాద్ నుంచి రావాలంటని సారుకు చెప్త. నువ్వు అబద్ధమాడకు, నేనాడుత," అన్నాడు మెల్లగా. "అడవికి పోతే గా బండిల ముందు సీటు నాదే."