ఏడు నలభై లాగిన్

కంప్యూటర్లో లినక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పటి నుంచి మా ఆయన గొంతు వినబడడం లేదు. ఆయన పోయి నాలుగు నెలలు. మైకు పరీక్షించడానికి చేసుకున్న ఒక్క రికార్డింగే మిగిలింది. "శశీ, వినబడతా ఉందా?" దాన్ని వినిపించే ప్రోగ్రాం మళ్ళీ వేయాలి. ప్రోగ్రాంలు దించుకునే సాఫ్ట్‌వేర్ సెంటరేమో తెరుచుకున్న వెంటనే మూసుకుపోతోంది.

ఆ రాత్రి పెన్నాగరం నుంచి మరిది ముఖేశ్ ఫోనులో దారి చెప్పాడు.

"అన్న ఉన్నప్పుడు నిన్ను మౌసే ముట్టనీలేదు. ఇప్పుడు ఇంజనీరయిపోయినావు వదినా!"

నవ్వాను. అతను చెప్పినవన్నీ అక్షరం అక్షరం సరిచూసుకుంటూ టైపు చేశాను. తెర మీద వచ్చింది చదివి వినిపించాను.

"ఇంకెవరో ఇన్‌స్టాల్ చేస్తా ఉండారు. అందుకే నీకు తెరుచుకోలే. పేరేముంది?"

"మురళి."

అది మా ఆయన పేరు.

"అన్న పాత లాగిన్ ఇరుక్కోని ఉంటుంది. టైము చూడు."

ఈ రోజే, సాయంత్రం ఏడు నలభై. ధర్మపురిలో మా వీధికి ఏడింటికి పోయిన కరెంటు ఎనిమిదింటికి వచ్చింది. ఏడు నలభైకి నేను కొవ్వొత్తి వెలుగులో బియ్యం ఏరుతున్నాను. ఆయన పాస్‌వర్డు నాకు తెలియదు.

"తప్పు టైము చూపిస్తా ఉంది. ఆ లాగిన్ తీసేస్తే అంతా సరిపోతుంది. ఎంటర్ కొట్టు వదినా."

కొడితే రికార్డింగు వినొచ్చు. కానీ ఆ పేరు తెర మీంచి పోతుంది. వీధిలో చప్పుడు లేదు. కంప్యూటరు లోపలి ఫ్యాను మాత్రం, ఆయన కూర్చుని పని చేస్తున్నప్పటిలాగే, మెల్లగా తిరుగుతోంది.

"కొట్టినావా?"

వేలు వెనక్కి తీసుకున్నాను.

"ఉండు ముఖేశ్. మీ అన్న పని ఇంకా కాలేదు."