మూడో అంతస్తు కళ్లజోడు

పద్దెనిమిదేళ్లు నిండగానే అందరికీ లేజర్ కొట్టేయడంతో కళ్లద్దాల కంపెనీలు కళ్లు మూసి పాతికేళ్లయింది. నలభై దాటాక దగ్గరివి కనపడవన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఆదివారానికి సెలవుంది గానీ చత్వారానికి లేదు కదా. గాజువాక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆరిళ్లకీ కలిపి ఒక్క పాత కళ్లజోడే మిగిలింది. రోజూ ఇంటికో గంట.

దర్జీ సన్యాసినాయుడి గంట జాకెట్ల హుక్కులకే చాలేది కాదు. ఆవేళ పని తక్కువై, జోడు తియ్యకుండానే భార్య పైడమ్మకి చుక్కల మందు వెయ్యబోయాడు. లేజర్ అయినప్పట్నుంచీ ఆమె కళ్లు ఎండిపోతుంటాయి. రోజూ మందేసి, "బాగానే ఉన్నాయి" అనేవాడు. ఆ మాట నమ్మే ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసింది.

ఇప్పుడు నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లమచ్చ కనిపించింది.

"ఏటి, అలా చూస్తన్నావు?"

"మచ్చుందే. ఎన్నాళ్లదో."

"నిన్న బాగున్నాయన్నావు కదా?"

"మసకలో నాకన్నీ బాగానే ఉంటాయే," అన్నాడు నీరసంగా.

గుమ్మంలో పక్కింటి లోవరాజు చెయ్యి చాపాడు. "గంటయింది బావా, బియ్యం ఏరాల."

సన్యాసినాయుడు జోడు తీసి అతని చేతిలో పెట్టాడు. "బియ్యం తర్వాత. ముందు ఇంటికెళ్లి నీ పెళ్లాం కళ్లు చూడు," అని, పైడమ్మని ఆసుపత్రికి నడిపించాడు.