విచారణకు రాని ప్రశ్న

"టీకా తయారీ మీద ఇలాంటి దావా రాష్ట్ర కోర్టులో చెల్లదు. కేంద్ర చట్టం అడ్డం. కేసు కొట్టేస్తున్నాను," అన్నారు జడ్జి. ఆ మాట అనడానికి ఆయనకూ మనసు రాలేదు. అయినా అన్నారు.

అమెరికాలోని డులూత్ ఊరి కోర్టు వరండాలోకి రాగానే ఐలా తన లాయర్ని నిలదీసింది.

"అంతేనా నార్డ్ గారూ? నా పిల్ల గోడు ఎవరూ వినక్కర్లేదా?"

"గోడు కాదమ్మా. 'ఆ టీకాను ఇంతకంటే మేలుగా తయారుచేయొచ్చా?' అన్నది మన ప్రశ్న. ఆ ప్రశ్నే ఇక్కడ అడగొద్దంటోంది చట్టం. ఊరికో కోర్టు కంపెనీల్ని బోనెక్కిస్తే టీకాలు చేసేవాడే మిగలడట. పరిహారం కావాలంటే కేంద్రం పెట్టిన కోర్టు వేరే ఉంది..."

"అక్కడా కుదరదన్నారుగా!"

"అన్నారు," నార్డ్ తల వంచుకున్నాడు.

చక్రాల కుర్చీలో ఐలా కూతురు టూలి తన హెల్మెట్ పట్టీ నములుతోంది. ఏడేళ్ళ పిల్ల. పసితనంలో టీకా వేయించిన సాయంత్రమే మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. అప్పట్నుంచీ మాట లేదు, నడక లేదు.

ఐలా కోటు తొడుక్కుంటుంటే ఆమె బ్యాగులోంచి పాలసీసా జారి, దొర్లుకుంటూ వెళ్ళి ఒకాయన బూటుకి తగిలింది. ఆయన కంపెనీ తరఫు లాయరు ప్రెస్కాట్. వంగి సీసా తీశాడు. ఏడేళ్ళొచ్చినా ఈ పిల్లకి ఇంకా పాలసీసాయేనా అని ఆయన ప్రాణం ఉసూరుమంది. ఉన్నమాట చెప్పాలి, మనిషి మంచివాడే.

"ఏమీ అనుకోకండమ్మా. చట్టం మావైపుంది, అంతే."

"గెలిచారుగా. ఇప్పుడు నిజం చెప్తే మీకేం పోతుంది? ఇప్పటికీ పిల్లలకి వేస్తున్నది ఆ టీకానేనా?"

ప్రెస్కాట్ అటూ ఇటూ చూశాడు. టూలిని చూశాడు.

"కాదు. రెండేళ్ళ కిందటే మానేశారు. ఇప్పుడు వేసేది కొత్త రకం."

"పాతదానికంటే మేలా?"

"చాలా మేలు."

"పాతది ఏ ఆసుపత్రి ఫ్రిజ్‌లోనూ మిగల్లేదుగా?"

"లేదమ్మా. అంతా వెనక్కి తెప్పించారు. ఒట్టు."

నార్డ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "విన్నావా ఐలా! మేలుగా చేయొచ్చని ఆయన నోటితో ఆయనే అన్నాడు! పద, పైకోర్టుకి వెళ్దాం!"

ప్రెస్కాట్ ముఖం పాలిపోయింది. "పైకోర్టులో అడిగితే నేను అనలేదంటాను," అన్నాడు మెల్లగా.

"అనండి, ఫర్వాలేదు. నేను అడిగింది కేసు కోసం కాదు." ఐలా ఆయన చేతిలోంచి సీసా తీసుకుని, టూలి కుర్చీని లిఫ్టువైపు తిప్పింది. "కింద కార్లో మావారు చంటివాణ్ణి పెట్టుకుని కూర్చున్నారు. మూడింటికి వాడికి ఆ టీకా వేయించాలి."