సదానందం ఇంట్లో నిద్ర

ఫ్యాను ఆగింది. ఆ వెంటనే రాంచందర్ మంచం పక్కనున్న మిషను కూడా ఆగింది. వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్న వినోద గరిటె అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది.

"లే, లే. కరెంటు వోయింది" అంటూ మొగుడి భుజం పట్టి కుదిపింది.

రాంచందర్ ఉలిక్కిపడి లేచి ముక్కుకున్న మాస్కు పీకేశాడు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు అతనిది. మిషను గాలి కొడుతుంటేనే కంటికి కునుకు. రాత్రంతా జమ్మికుంట పత్తి జిన్నింగు మిల్లులో డ్యూటీ, పగలు నిద్ర. రోడ్డు వెడల్పు చేయడానికి స్తంభాలు జరుపుతున్నారని వారం నుంచి పగలంతా కరెంటు తీసేస్తున్నారు. పగలు నిద్ర లేకపోతే రాత్రి తిరిగే చక్రాల పక్కన తూలుతాడు. వినోద భయమంతా అదే.

అతను పైపు చుట్టి, మిషను సంచిలో పెట్టుకున్నాడు.

"ఏడికి?"

"సదానందం ఇంటికి. ఆల్లకు ఇన్వర్టరున్నది గద. రోజూ పోతలేనా?"

"మంది ఇంట్ల ఎన్ని దినాలు పంటవ్? మనం ఒకటి కొందామంటే దాటేస్తవ్. నడువు, ఇయ్యాల సబ్‌స్టేషన్ల పందువు. కరెంటు పుట్టేకాడ కరెంటు ఎట్ల పోతదో జూస్త."

రాంచందర్ ముఖం మాడిపోయింది. "ఆడికెందుకే? ఆల్లు లోపటికి రానియ్యరు."

"ఎట్ల రానియ్యరో నేను జూస్కుంట."

వినోద అన్నదంటే అన్నట్టే. వాడకట్టులో చెడిపోయిన బోరింగును సర్పంచు వెంటపడి బాగుచేయించిన మనిషి. గొంతు విప్పితే నాలుగు గల్లీలకు వినబడుతుంది. ఆమె చెవిన వేసిన ముచ్చట పొద్దుగూకేలోపు ఊరు దాటుతుందని కూడా అందరికీ తెలుసు. చాప చుట్టి చంకన పెట్టుకుంది, దిండు మొగుడి చేతికిచ్చింది, ఎండలో ముందు నడిచింది.

సబ్‌స్టేషను గేటు దగ్గర నల్లకుక్క వినోదను చూసి మొరిగింది. రాంచందర్‌ను చూసి తోకాడించింది.

"కుక్కకు గూడ నీ మీద జాలి వుట్టింది" అంది వినోద.

చప్పుడు విని ఆపరేటరు పరశురాములు ముందుగది గుమ్మంలోకి వచ్చాడు. వస్తూనే లోపలి గది తలుపు దగ్గరికి వేశాడు.

"జర మెల్లగ మాట్లాడు వదినా."

"వదినా అని వరుస కలుపుతె కరెంటొస్తదా?"

"లైను మీద మనుషులు పన్జేస్తున్నరు. నేను స్విచ్చేస్తె ఆల్ల పానాలు పోతయి."

"నిన్ను ఎయ్యమంటలేను. మా ఇంట్ల కరెంటు బందు, నీ నెత్తిమీద ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతంది. గీడ నాకొక ప్లగ్గు జూపియ్యి. మా ఆయన పంటడు, నేను పక్కకు కూసుంట."

"బయటోల్లను లోపట పండవెట్టినట్టు పైకి తెలిస్తె నా నౌకరి పోతది."

"ఈయన ఊపిరి వోతె ఎవరు తెచ్చిస్తరు? నీ పైవాల్లా?"

రాంచందర్ ఆమె కొంగు పట్టి లాగాడు. "వినోదా, పోదాం పా. సదానందం నాకోసం జూస్తుంటడు."

"అన్న జెప్పినట్టు ఇను వదినా" అన్నాడు పరశురాములు ఆశగా.

వినోద మొగుడి వైపు చూసింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నిలబడే రెప్పలు వాలుస్తున్నాడు. ఈ మనిషికి అడగడం రాదు, తాను అడక్కపోతే ఎవరడుగుతారు? అలా అనుకుంటూ ఉండగానే మూసిన తలుపు వెనక నుంచి ఏదో సన్నటి చప్పుడు వినిపించింది.

"లోపటెవరున్నరు?"

"ఎవరు లేరు."

"మరెందుకు తలుపు మూసినవ్? పత్తాలాడుతున్రా? బయటోల్లు రావద్దంటివి, ఆల్లెవరు?"

ఆమె ముందుకు కదలగానే పరశురాములు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "వద్దు వదినా. అండ్ల హై ఓల్టేజుంటది."

"నాకంటెనా? జరుగు."

జరిగాడు. ఆమె తలుపు తోసింది.

లోపల పేకముక్కలు లేవు, సీసాలు లేవు. నులక మంచం మీద ఒక ముసలమ్మ నిద్రపోతోంది. ముక్కుకు మాస్కు, మాస్కుకు పైపు, మంచం కింద అచ్చం తమ ఇంట్లో ఉన్నలాంటిదే అనిపించే మిషను. రోజూ ఇంట్లో వినే ఆ గాలి చప్పుడును వినోద ఇంకెక్కడా వినలేదు.

"మా అవ్వ, కొమురవ్వ" అన్నాడు పరశురాములు తల వంచుకుని. "మా ఇల్లు గూడ మీ లైను మీదనే ఉన్నది. కరెంటు పోకుండ ఆపుడు నా చేతుల ఉంటె మా అవ్వకోసం ఆపకపోదునా?"

వినోద చంకలోని చాప కిందికి దించింది. పెళ్లయినప్పటి నుంచి ఎప్పుడూ లేనంత మెల్లగా, "ముందే జెప్పొద్దా తమ్మీ, నేను ఎవరికన్న జెప్తనా?" అంది.

మగవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇంతలో ముసలమ్మ కదిలింది. మాస్కు నుదుటి మీదికి జరుపుకుని, వినోదను దాటి వెనకున్న రాంచందర్ వైపు చూసి నవ్వింది.

"ఇయ్యాల గింత ఆలిస్యమాయెనేంది కొడుకా? నీ చాప పర్సే ఉన్నది, పండు."