తుకారాం మాట

పెద్దవాగుపల్లి వాళ్లంతా బోయిన్‌పల్లి ఫంక్షన్ హాల్లో కలిశారు. ఊళ్లో కంటే సికింద్రాబాద్‌లోనే ఊరివాళ్లు ఎక్కువైపోయారు మరి. మూడొందల మంది దాకా వచ్చారు. ఒకరి గడ్డం ఒకరు పట్టుకుని, నువ్వు ఫలానా వాళ్ల పిల్లవు కదూ, నీ ముక్కే చెబుతోంది అనుకోవడంతోనే పొద్దున గడిచిపోయింది.

తుకారాంను వీల్‌చైర్‌లో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. తల దానంతటది ఊగుతూనే ఉంటుంది, అవునంటున్నాడో కాదంటున్నాడో ఎవరూ పోల్చుకోలేరు. చదువు ఎన్నడూ అబ్బలేదు, రాసి చూపించే దారీ లేదు. ఇప్పుడు భార్య బుచ్చమ్మ ఏది చెబితే అదే ఆయన మాట.

"మామ ఏమంటుండత్తా?" అని ఎవరు అడిగినా చటుక్కున చెప్పేస్తుంది.

"నీ పొట్ట చూసి నవ్వుతుండు అల్లుడా. మీ నాయిన సుత గిట్లనే ఉండెనంట, కల్లుకుండ లెక్క."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. తుకారాం కూడా ఒకవైపు పెదవితో నవ్వాడు.

అంతలో చివరి వరసలో ఒక మనిషి కనబడింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

రాజ్యం. కుమ్మరి ఈరయ్య కూతురు. యాభై దాటింది. బోయిగూడలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతోంది. ఊరివాళ్ల మధ్యకు రావడం నలభై ఏళ్లలో ఇదే మొదలు. ఆమెకు అటూ ఇటూ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఎందుకంటే, ఊరి పోచమ్మకు అప్పట్లో వెండి కళ్లుండేవి. గుడికి తలుపు లేదు. పూజ చేసేది మాత్రం ఈరయ్య. ఒకరోజు తెల్లారేసరికి అమ్మవారికి కళ్లు లేవు. ఈరయ్య కాక ఇంకెవరు తీస్తారన్నారు. పంచాయితీ పెట్టారు. పెళ్లాం పిల్లలతో సహా ఊరు దాటించారు. ఈరయ్య సికింద్రాబాద్ వచ్చి రోడ్డు పక్కన కుండలు అమ్ముకుని, దొంగ అన్న పేరుతోనే పోయాడు.

ఈరయ్య తీయలేదని తుకారాంకు తెలుసు. అప్పటి నుంచీ తెలుసు. నోరున్నన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే నోరు లేదు.

ఎడమచెయ్యి రాజ్యం వైపు చాపాడు. "అ... ఆ..."

"చాయ్ కావాల్నంట," అంది బుచ్చమ్మ. కప్పు నోటికి అందించింది. సగం అంగీ మీద ఒలికింది.

రాఘవేందర్ మైకు ముందుకు వచ్చాడు. రిటైరైన టీచరు. ఊరి చరిత్ర పుస్తకం రాశాడు.

"రేపు ప్రెస్సుకు ఇస్తున్న. తప్పులుంటే ఇయ్యాల్నే చెప్పున్రి. అచ్చయినంక నన్ను తిడితే ఊకోను."

పేజీలు చదవడం మొదలుపెట్టాడు. ఊరికి వచ్చిన మొదటి బస్సు. మొదటి బోరింగు. మండలంలో గెలిచిన కబడ్డీ కప్పు. చప్పట్లే చప్పట్లు. ఆ తర్వాత పోచమ్మ గుడి పేజీ వచ్చింది.

"అమ్మవారి వెండి కళ్లను కుమ్మరి ఈరయ్య దొంగిలించగా..."

"మా నాయిన తియ్యలే."

రాజ్యం లేచి నిలబడింది. "పుస్తకంల గట్ల రాయకు సారూ. నా మనుమరాలు చదువుతది."

రాఘవేందర్ చేతిలో కాగితాలు దించాడు. "నాకేం పగ చెల్లె? విన్నదే రాసిన. నాటి పంచాయితీల కూసున్నోళ్లల్ల మన తుకారాం మామ ఒక్కడే మిగిలిండు. ఆయన కాదంటే ఈ పేజీ ఈడ్నే చింపేస్త."

రాజ్యం ముందుకు వచ్చింది. వీల్‌చైర్ దగ్గర నేల మీద కూర్చుంది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"పెద్దబాపూ, ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి."

మైకు తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టారు. "అ... ఆ... అ..." హాలంతా ఆ శబ్దమే. మెడ నరాలు ఉబ్బాయి. ముక్క రాలేదు. ఎడమచెయ్యి ఎత్తి, వేలితో తన కళ్లు చూపించాడు.

"ఈ లైట్లకు కండ్లు మండుతున్నయంట," అంది బుచ్చమ్మ.

ఎవరో పోయి లైట్లు ఆపారు.

వేలు గాలిలో తిరిగింది. తిరిగి తిరిగి బుచ్చమ్మ దగ్గర ఆగింది.

"సూడున్రి, ఇంతమందిల నన్నే సూపిస్తుండు! పెండ్లినాడు సుత గింత ముద్దుగ సూడలే ముసలోడు."

హాలు ఘొల్లుమంది. బుచ్చమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ వదల్లేదు.

"నవ్వులు కాదత్తా," అన్నాడు రాఘవేందర్. "ఈరయ్య సంగతి ఏమంటుండో జెర చెప్పు."

బుచ్చమ్మ భర్త ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"పాత పుండు ఎందుకు గీకుతరు అంటుండు అల్లుడా. ఎట్ల రాసినవో అట్లనే ఉండనీ అంటుండు."

తుకారాం ఒక్క అరుపు అరిచాడు. మైకు కీచుమంది.

"మామ పరేషాన్ అయితుండు, ఇడిసిపెట్టున్రి," అన్నారెవరో. వడ్డిస్తున్నాం రండంటూ వెనక నుంచి పిలుపు వచ్చింది. జనం కదిలారు. రాఘవేందర్ తల దించుకుని పేజీ తిప్పేశాడు.

రాజ్యం లేచింది. కింద పడిన ఆయన కండువా తీసి, దులిపి, భుజం మీద వేసింది. కాళ్లకు దండం పెట్టింది. అన్నం తినకుండానే గేటు దాటి వెళ్లిపోయింది.

ముందు వరసలో వాళ్లిద్దరే మిగిలారు. బుచ్చమ్మ కొంగుతో ఆయన మూతి తుడిచి, చెవి దగ్గరికి వంగింది.

"నీ మాట మొదటి నుంచీ నాకు సమజైతనే ఉన్నదయ్యా, కానీ తట్టు సోకి బిడ్డ సచ్చిన నాడు, నా పిల్లను సూడని కండ్లు నీకెందుకని అమ్మోరి కండ్లు పీకి బాయిల ఏసింది నేనేనని ఏ నోటితోటి చెప్పాలె?"