గంధకం సాక్షిగా

చాటుగా కోడిగుడ్డు తినడానికి యెల్లోస్టోన్‌ని మించిన చోటు అమెరికాలో లేదని డాక్టర్ సూర్యప్రకాశ్ తేల్చుకున్నారు.

అగ్నిపర్వతం మీద పరుచుకున్న ఆ పార్కులో, వేడినీటి బుగ్గలున్న చోటల్లా గంధకం పొగ కమ్ముకుని ఉంటుంది. ఆ వాసన అచ్చం ఉడికిన గుడ్డు వాసన. అందులో ఒక ముసలాయన రెండు గుడ్లు తింటే ఏ ముక్కూ పసిగట్టలేదు. ఆఖరికి ఆండాళ్ ముక్కయినా సరే.

భార్య ముక్కంటే ఆయనకు హడలు. తాముండే అల్ఫారెట్టా ఊళ్లో ఎవరింట పుట్టినరోజైనా, కేకు ముక్క పళ్లెంలో ఉండగానే "ఇందులో గుడ్డుందండీ" అనేది ఆండాళ్. పుట్టి బుద్ధెరిగి గుడ్డు ముట్టని మనిషికి ఆ సంగతి అంత కచ్చితంగా ఎలా తెలుస్తుందో అడిగే ధైర్యం ఆయనకెన్నడూ చాల్లేదు.

రిటైరయ్యాక ఇద్దరూ కాశీ వెళ్లారు. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలి రావాలి కదా. సూర్యప్రకాశ్ తెలివిగా కాకరకాయ వదిలేద్దామనుకున్నారు. ఆండాళ్ ఒప్పుకోలేదు. హాస్పిటల్ క్యాంటీన్లో ఆయన లాగించిన ఆమ్లెట్ల చరిత్రంతా ఆమెకు తెలుసు. గంగలో నిలబెట్టి మరీ గుడ్డు వదిలించింది.

"మీరు మాట తప్పితే పాపంలో సగం నాది. నా సగానికి నేను ఉపవాసం ఉంటాను," అంది.

షుగర్ ఉన్న మనిషి. అన్నంత పనీ చేస్తుంది. ఆ భయానికే ఆయన ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నారు. ఇక కట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఏ ప్రయాణమన్నా మోకాళ్ల నొప్పులు అడ్డం పెట్టే ఆండాళ్, ఈ టూర్ మాటెత్తగానే "బుక్ చెయ్యండి, వేడినీటి బుగ్గలు చూడాలని ఎప్పట్నుంచో ఉంది" అంది. తన అదృష్టానికి ఆయన లోలోపలే మురిసిపోయారు.

బుగ్గలు చూసే రోజు పొద్దున్న హోటల్ బ్రేక్‌ఫాస్ట్ దగ్గర, టీ తెచ్చుకునే మిషతో రెండు ఉడికించిన గుడ్లు జేబులో వేసుకున్నారు. గదికొచ్చి, బాత్‌రూమ్‌లో ఫ్యాన్ వేసి, ఒలిచి, టిష్యూలో చుట్టారు. ఏళ్ల తరబడి సర్జరీలు చేసిన చేతులు, పెంకు ముక్క కూడా మిగల్లేదు. ఆయన బయటికి వచ్చేసరికి ఆండాళ్ గదిలో లేదు. అరటిపండు మర్చిపోయి కిందకు వెళ్లానని, తిరిగొచ్చాక చెప్పింది.

టూర్ నడిపే రాగిణి వ్యాన్‌లోనే హెచ్చరించింది. "అంకుల్స్, ఆంటీస్, బుగ్గల దగ్గర ఆ చెక్కల దారి, బోర్డ్‌వాక్ మీద ఎవరూ ఏమీ తినొద్దు ప్లీజ్. యానిమల్స్ అలవాటు పడతాయి. రేంజర్ చూస్తే నా పర్మిట్‌కి ప్రాబ్లమ్."

ముందు జలపాతం చూపించారు. అందరూ ఫొటోలు దిగుతుంటే, జేబులో గుడ్లు చితికిపోతాయేమోనని ఆయన ఒక పక్కకి ఒరిగి నిలబడ్డారు.

బుగ్గల దగ్గర వ్యాన్ తలుపు తెరవగానే వాసన గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకున్నారు. సూర్యప్రకాశ్ గుండెల నిండా పీల్చారు.

"అబ్బ, ఏం కంపండీ!" బోర్డ్‌వాక్ మొదట్లోనే ఆండాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనీ బెంచీ మీద కూర్చుంటాను. మీరు ఆ చివరిదాకా వెళ్లి తీరిగ్గా చూసి రండి."

ఇంతటి అనుకూలవతి ఎవరికి దొరుకుతుంది!

ఆవిరి దట్టంగా కమ్మిన మలుపులో, హెచ్చరిక బోర్డు వెనక నిలబడి, ఆయన రెండు గుడ్లూ తిన్నారు. ఉప్పు లేదు, మిరియాల పొడి లేదు. అయినా ఆనందంతో కళ్లు చెమర్చాయి. మరుక్షణమే పస్తుండే ఆండాళ్ మొహం గుర్తొచ్చి పొలమారింది. తలొంచుకుని తిరిగి వస్తే, ఆమె కొంగు ఇంకా నోటికి అడ్డంగానే ఉంది.

అందరూ వ్యాన్ ఎక్కబోతుండగా రేంజర్ ఒకావిడ వచ్చింది. చేతిలో గుడ్డు పెంకులు. బోర్డ్‌వాక్ చెక్కల సందులో దొరికాయట. అప్పుడు అక్కడున్నది వీళ్ల గుంపొక్కటే.

రాగిణి మొహం పాలిపోయింది. ఆమె చూపు తిరిగి తిరిగి సూర్యప్రకాశ్ మీసం మీద ఆగింది.

"అంకుల్, మీరు బోర్డు వెనక ఏదో తినడం చూశాను. మీసానికి ఎల్లోగా ఏంటది? ప్లీజ్, ఒప్పేసుకుని సారీ చెప్పండి."

ఆయన భార్య వంక చూశారు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. అంతా అయిపోయింది. తిన్న పాపం ఎలాగూ తప్పదు. తను పారెయ్యని పెంకులు కూడా నెత్తిన పడుతుంటే మాత్రం ఆయన ఓర్చుకోలేకపోయారు.

"తిన్నానమ్మా! కాశీలో వదిలేసిన గుడ్లే తిన్నాను! కానీ ఈ పెంకులు నావి కావు. నేను హోటల్లోనే ఒలిచి తెచ్చుకున్నాను!"

వెనకాల బుగ్గ ఒకటి బుడబుడమంది.

"ఆండాళ్, తప్పయిపోయింది," అన్నారాయన. "నువ్వు మాత్రం పస్తుండకు. నీ సగానికి కూడా నేనే ఉంటాను."

ఆండాళ్ మెల్లగా కొంగు దించింది. ఆమె మొహంలో కోపం లేదు. భర్త తెలివితేటలకు మొదటిసారి ముచ్చటపడినట్టుంది.

"హోటల్లోనే ఒలిచేసుకోవచ్చని నాకు తట్టనే లేదు సుమండీ!" అంది.