చెయ్యందని చోట

కొండాపూర్ దవాఖాన నుంచి వచ్చీ రాగానే కౌసల్య మంచం మీద కూర్చుని, భర్త రాజమల్లు వైపు వీపు తిప్పింది. మెడకు కొంచెం కిందగా, తన చెయ్యందని చోట, ఏళ్ల తరబడి ఒకటే దురద. గోకి గోకి అక్కడ చర్మం నల్లబడింది.

"ఏమన్నడు డాక్టరు?" గోకుతూ అడిగాడు రాజమల్లు.

"తోలు రోగం కాదంట. మెడకాడ నరం నలుగుతుందంట. మలాం రాస్తే జర సల్లబడుతది గని, బరువులు లేపుడు బంద్ చేస్తేనే తగ్గుతదంట."

"నేను మొదటిసంది అదే అంటున్న. ఆ హైటెక్ సిటీ ఆఫీసుల బకెట్లు మోసుడు బంద్ చెయ్. వేరే పని అడుగు."

"బకెట్లు ఇంకేడున్నయ్? తుడిచే మిషిన్లు నిరుడే వచ్చినయ్. బటన్ ఒత్తి ఎనక నడుసుడే నా పని."

"మరి నువ్వు లేపే బరువేంది?"

వీపు మీద అతని వేళ్లు ఆగిపోయాయి.

కౌసల్య లేచి, మూలనున్న చక్రాల కుర్చీని మంచం పక్కకు లాగింది.

"పా, నీళ్లు పోస్త."

"ఇయ్యాల వద్దు."

"నిన్న గూడ పోసుకోలే. పట్టుకో."

ఆమె వంగింది. రాజమల్లు రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేశాడు. పైకి లేపుతుంటే, స్పర్శ లేని అతని కాళ్లు మంచం మీంచి జారి వేలాడాయి.

కుర్చీలో దించేదాకా అతని వేళ్లు ఆ నల్లబడిన చోటును గోకుతూనే ఉన్నాయి.